సంఘంలో మాట్లాడరాదు

ఆధునిక సంస్కృతి చెరుకుపల్లి దాకా వచ్చేసిందనీ, తాను బతికుండగా దాన్ని మన ఊళ్లో అడుగు పెట్టనివ్వననీ ప్రకాశరావు గారు ఆదివారం ఆరాధన కాగానే మైకులో ప్రకటించారు. ఆయన సంఘ కార్యదర్శి. సంఘమంటే ఏ యూనియనో అనుకునేరు, మా వైపు క్రైస్తవులు చర్చికి వచ్చే విశ్వాసులందరినీ కలిపి సంఘమంటారు. ఆయనకు పార్టీలో కూడా మండల స్థాయి పదవి ఒకటుంది. రెండు చోట్లా చేసే పని ఒకటే, మైకు పట్టుకోవడం.

తెనాలిలో "విశ్వాసం, కుటుంబం, నేటి సంస్కృతి" అనే సదస్సుకు వెళ్లి, మధ్యాహ్నం భోజనంతో సహా అన్నీ ఒంటబట్టించుకుని వచ్చిన మనిషి. జీన్స్ ప్యాంట్లకీ, టీవీ సీరియళ్లకీ, సెల్‌ఫోన్లలో మోగే సినిమా పాటలకీ మూలం ఎక్కడుందో ఆయన అక్కడే కనిపెట్టారు. ఆడవాళ్లు నోరు తెరవడంలో ఉంది.

"అందుచేత నేటి నుంచి సంఘంలో స్త్రీలు మాట్లాడరాదు. సందేహాలుంటే ఇంటికెళ్లి భర్తను అడగాలి. ఇది నా మాట కాదు, బైబిల్ వాక్యం."

దీనికి వాక్యం కాక వేరే కారణం ఉందని గిట్టనివాళ్లు అంటారు. ముందటి ఆదివారం దీవెన అనే అమ్మాయి లేచి, "బాబాయ్ గారూ, పైకప్పు రిపేరు ఎందాకా వచ్చిందండి? వానొస్తే మా ఆడవాళ్ల వైపే కురుస్తోంది" అని అడిగింది. దీవెన రేపల్లెలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. అడగటం అలవాటైన పిల్ల. ప్రకాశరావు గారు ఆ ప్రశ్నను ఎంతో ప్రేమగా స్వీకరించి, ప్రార్థన చేసి చెప్తానమ్మా అని, వారమంతా ఆలోచించి, ఈ జవాబు తెచ్చారు. ఎవరూ మరిచిపోకుండా చర్చి హాలు గోడ మీద నీలం రంగుతో రాయించారు కూడా: సంఘంలో స్త్రీలు మాట్లాడరాదు. ఇట్లు, కార్యదర్శి.

మరుసటి ఆదివారం ఆడవాళ్లు ముసుగులు వేసుకుని వచ్చి, కూర్చుని, నోరు మెదపలేదు. పాస్టరు లాజరు గారు పాట ఎత్తుకున్నారు. పల్లవి వరకు మగవాళ్లు గంభీరంగా లాగారు. ఇన్నాళ్లూ చరణాలు పాడింది ఆడవాళ్లేననీ, మగవాళ్లు చివరి మాట మాత్రం అందుకునేవాళ్లనీ ఆ రోజే బయటపడింది. రెండో చరణం దగ్గర ముందు వరసలో ఫ్రాన్సిస్ దగ్గు అందుకున్నాడు. మిగతావాళ్లు అతన్ని అనుసరించారు.

"ఎంత పరిశుద్ధమైన నిశ్శబ్దం!" అని ప్రకాశరావు గారు మురిసిపోయారు.

ఆయన భార్య నాగమ్మ గారి విధేయత ఇంకా ముచ్చటైనది. "ఇల్లే మొదటి సంఘమని మీరే అన్నారుగా" అని ఆఖరి మాటగా చెప్పి, ఇంట్లో కూడా నోరు కట్టేసుకున్నారు. కూరలో ఉప్పు తక్కువైందంటే తలూపుతారు, ఎక్కువైందన్నా తలూపుతారు. కళ్లజోడు ఎక్కడుందంటే నవ్వుతారు.

ఇలా ఊరు పవిత్రమవుతూ ఉండగా పంచాయతీ ఎన్నికలొచ్చాయి. సర్పంచ్ కావాలన్నది ప్రకాశరావు గారి చిరకాల వాంఛ. అందుకని తెల్ల చొక్కాలు కూడా కుట్టించి ఉంచుకున్నారు. తీరా చూస్తే రిజర్వేషన్ల ప్రకటనలో మన ఊరి సర్పంచ్ పదవి మహిళకు పోయింది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. అడిగినవాళ్లకు ఉపవాసమని చెప్పారు.

సాయంత్రానికి తేరుకున్నారు. "నాగమ్మా, నువ్వు నిలబడు. అంతా నేను చూసుకుంటా. నోరు విప్పే పని కూడా నీకుండదు."

నాగమ్మ గారు తలూపారు. ఉప్పుకి ఊపినట్టే ఊపారు గానీ, ఆయన దాన్ని సమ్మతి కింద లెక్కేసుకున్నారు.

అభ్యర్థిని ఖాయం చేయడానికి బాపట్ల నుంచి పార్టీ నాయకుడు ముత్తయ్య గారు వచ్చారు. మహిళా సీటు కాబట్టి పేరు మహిళల నోటి నుంచే రావాలని ఆయన పట్టుదల. పొదుపు సంఘం ఆడవాళ్లందరినీ చర్చి హాల్లో కూర్చోబెట్టారు. పాస్టరు గారూ, చర్చి పెద్దలూ గోడవారన నిలబడ్డారు. దీవెన వెనక వరసలో కూర్చుంది.

"చెప్పండమ్మా, సర్పంచ్‌గా ఎవరు కావాలి?" అన్నారు ముత్తయ్య గారు.

ఎవరూ పలకలేదు.

"మొహమాటం వద్దమ్మా."

ఫ్యాన్ ఒక్కటే కిర్రుమంటోంది.

"ఏంటండీ వీళ్లు, మాటలు రావా?"

పొదుపు సంఘం లీడరు చంద్రకళ లేచి, గోడ మీది నీలం అక్షరాలు వేలితో చూపించి కూర్చుంది.

ప్రకాశరావు గారు గబగబా ముందుకొచ్చారు. "అది చర్చి సంఘం, చంద్రకళమ్మా! ఇది పొదుపు సంఘం!"

ఆడవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఏ సంఘమో గోడ మీద రాయలేదు మరి.

"బాగుందండి మీ క్రమశిక్షణ," అన్నారు ముత్తయ్య గారు. "ఈవిడ మీ ఇంటావిడే కదా? ఆమెనే అడుగుదాం."

"ఆమెన్!" అన్నారు చర్చి పెద్దలు, అలవాటు కొద్దీ.

నాగమ్మ గారు నవ్వి ఊరుకున్నారు. ముత్తయ్య గారు వాచీ చూసుకున్నారు. "పేరు రాకపోతే నేనేం చేసేదండి? మీ ఊళ్లోనే యలమంద గారి కోడలు రెడీగా ఉందంట. ఆ అమ్మాయికే ఇచ్చేస్తా."

సీటు కళ్లముందే జారిపోతుంటే ప్రకాశరావు గారు గబుక్కున మైకు లాక్కున్నారు. "సోదరీమణులారా! పూర్వం ఒక స్త్రీ చెట్టు కింద కూర్చుని దేశమంతటికీ తీర్పు తీర్చింది. స్త్రీ నోరు తెరిస్తేనే సంఘానికి క్షేమం. ఏ సంఘానికైనా సరే! ఇది నా మాట కాదు, వాక్యం!"

ఆ సంగతి కూడా వాక్యంలో ఉన్నదేనని లాజరు పాస్టరు గారు ధ్రువీకరించారు. ఇన్నాళ్లూ అది ఎందుకు గుర్తు రాలేదని ఎవరూ అడగలేదు. అంత గొప్ప మనసు మన ఊరి వాళ్లది.

ప్రకాశరావు గారు మైకు భార్య చేతిలో పెట్టారు. "చెప్పు నాగమ్మా, ధైర్యంగా చెప్పు."

నాగమ్మ గారు గొంతు సవరించుకున్నారు. "దీవెన," అన్నారు.

ప్రకాశరావు గారు క్షణం కూడా తడబడలేదు. "చూశారాండీ! నిలబడబోయే ముందు మీ దీవెన కావాలంటోంది. పాస్టరు గారూ, ఆశీర్వదించండి."

"ఆ దీవెన కాదండి," అన్నారు నాగమ్మ గారు. "టీచరమ్మ దీవెన."

"దీవెనే! మా దీవెనే!" అన్నారు ఆడవాళ్లంతా. ఇన్నాళ్లు దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటికొచ్చేసరికి ఫ్యాన్ చప్పుడు వినపడలేదు. వెనక వరసలో దీవెన రెండు చేతులతో మొహం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు గానీ, సంతోషమే.

"ఎందుకే ఇట్లా చేశావ్?" అన్నారు ప్రకాశరావు గారు, మైకుకి వినపడకుండా.

"ఇంటికెళ్లాక నన్నడగండి, చెప్తా," అన్నారు నాగమ్మ గారు, మైకులోనే.

దీవెన సర్పంచ్‌గా గెలిచింది. స్త్రీ నాయకత్వం కోసం మొదటి నుంచీ పోరాడింది తానేనని ప్రకాశరావు గారు విలేకరికి వివరంగా చెప్పారు. పేపర్లో ఫొటో కూడా వచ్చింది. దాని కింద "నూతన సర్పంచ్ దీవెన, పక్కన నాగమ్మ గారి భర్త" అని వేశారు. ఫొటో మటుకు బాగా వచ్చింది.

ఉప సర్పంచ్ పదవికి రిజర్వేషన్ లేదు. తన వార్డులో మెంబరుగా గెలిచిన ప్రకాశరావు గారు ఆ సాయంత్రం తెల్ల చొక్కా వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమోయ్, ఆ అమ్మాయికి నీ మాటంటే గురి. నా గురించి ఒక్క మాట మాట్లాడరాదూ?"

నాగమ్మ గారు చారు దించారు. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకున్నారు.

"ప్రార్థన చేసి చెప్తానండి," అన్నారు.