లక్ష్ముడు పట్టుకున్న దొంగ

సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీ బాబులూ, తప్పు మీదే. భావనపాడులో ఎండురొయ్యలు అమ్ముకునే మనిషికి, వెబ్‌సైటు నడుపుకొమ్మని కంట్రోల్ ప్యానెల్ అంటగట్టారు. దాన్నిండా మీటలు, ఒక్కదాని మీదా తెలుగు ముక్క లేదు. ఏం జరిగిందో వినండి.

లక్ష్ముడికి తన భార్య బుల్లమ్మ అన్న గంగులు అంటే కడుపుమంట. ఇద్దరిదీ ఎండుచేపల వ్యాపారమే. గంగులు వెబ్‌సైటు పెట్టాడని లక్ష్ముడూ పెట్టాడు. అతని సైట్లో ఒక పడవ బొమ్మ ఉంటే, తన దాంట్లో మూడు పెట్టించాడు. అయినా బుల్లమ్మ "మా అన్న సైటే సూడ సక్కగుంటాది" అనడం మానలేదు.

విజయనగరంలో హోటళ్ళు నడిపే హరిబాబు, ఇద్దరి సైట్లూ చూసి ఒకరికి ఏడాది సరఫరా అప్పజెబుతానన్నాడు. ఆయన ఫోన్ చేసేలోగా సైటు సరిగా ఉందో లేదో చూసుకుందామని ఆ ఉదయం లక్ష్ముడు ప్యానెల్ తెరిచాడు. సైటును ఎవరు చూసినా వాళ్ళ ఇంటి నెట్ నంబరు అందులో కనబడుతుంది. ఒకే నంబరు రోజూ తెల్లారిన దగ్గర్నుంచి పడుకునేదాకా తొంగి చూస్తూనే ఉంది.

"ఒసే బుల్లీ! మీ అన్న మన సైటు కాడ కాపలా కాస్తన్నాడే!"

"మా అన్నకంత ఖాళీ ఏటి? సాల్లే మావా, టీ తాగు."

టీ చల్లారిపోయింది. లక్ష్ముడు ఆ నంబరును బ్లాక్ చేసి, గెలిచిన మొహంతో తన సైటు తెరిచాడు. తెల్లటి తెర. నడుమ '403 ఫర్బిడెన్' అని ఉంది. లోపలికి రావడానికి వీల్లేదని దాని అర్థం.

"సూసినావా! తిరిగి కొట్టీసినాడు మీ అన్న!"

మీ కంపెనీకి ఫోన్ చేశాడు. మీరు పాట వినిపించారు. పాట వింటుండగానే హరిబాబు ఫోన్ వచ్చింది.

"లక్ష్ముడూ, నీ సైటు బాగుందయ్యా."

"బాగుండడమేటి బాబూ? మా సైటు పోనాది!"

"నా ఎదురుగా ఉంటేనూ! మూడు పడవలున్నాయి."

లక్ష్ముడికి ఒళ్ళు మండిపోయింది. "అది మాది కాదు బాబూ! మా బావ దొంగ సైటెట్టినాడు. అందులో ఏటీ కొనకండి!"

"దొంగ సైటో, దొంగ మనుషులో, నాకెందుకొచ్చిన గొడవ!" అని హరిబాబు ఫోన్ పెట్టేశాడు.

లక్ష్ముడు గంగులు ఇంటికి పరిగెత్తాడు. వెనకాలే బుల్లమ్మ. గంగులు వాకిట్లో రొయ్యలు గోనెలకెత్తుతున్నాడు.

"బావా! నా సైటుకేటి సేసినావు?"

"నీ సైటా? నాదే నాను సూసుకోను, నీది సూస్తానేటి?" గంగులు తన ఫోన్లో లక్ష్ముడి సైటు తెరిచాడు. మూడు పడవలూ వచ్చాయి. లక్ష్ముడి ఫోన్లోనూ వచ్చాయి. ఇంటి వైఫై దాటి వచ్చాడు మరి.

అప్పటికి మీ కంపెనీ అమ్మాయి తిరిగి ఫోన్ చేసింది. "సార్, మీరు బ్లాక్ చేసింది మీ ఇంటి నెట్ నంబరే. మీ సైటు మీ ఇంట్లో తప్ప లోకమంతటా కనబడుతోంది."

"ఎవులైనా వచ్చినారా అని గంటకి పదిమార్లు తెరిసింది నువ్వు కాదేటి మావా?" అంది బుల్లమ్మ.

గంగులు గోనె దులిపాడు. "హరిబాబు ఇప్పుడే సెప్పినాడు, ఏడాది సరుకు నన్నే పంపమని. నీ సైటే నచ్చిందంట. నువ్వే వద్దన్నావంట కదా? సర్లే, ఇలగొచ్చి గోనె మూతి పట్టుకో. బండి బేగి ఎల్లాల."

లక్ష్ముడు పట్టుకున్నాడు.

కంపెనీ బాబులూ, అతని కడుపుమంటకి మందు మీ దగ్గర లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ తెర మీద ఇంగ్లీషు తీసేయండి, ఇవాళే. దాని బదులు తెలుగులో రాయండి: "నిన్ను ఆపుకున్నది నువ్వేరా బాబూ."