మూడిళ్లు తిరిగిన పెట్టె

తాను అచ్చు పోసిన ప్లాస్టిక్ పెట్టెకు వంక పెట్టగలవాడు ఉజ్బెక్ పట్నం మర్గిలాన్‌లో ఇంకా పుట్టలేదని నిగ్మత్ నమ్మకం. ఈసారి మూత ఉన్న నీలం పెట్టె. గోడ ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉంటే చల్లారేటప్పుడు వంకర తిరుగుతుంది, మూత కూర్చోదు. అందుకని చలికాలమంతా అచ్చును అరగదీసి, మూలల్లో కూడా ఒకే మందం రప్పించాడు. ఆ ఉదయం అతను వేసుకున్న పథకం చిన్నదే. రాత్రి పోసిన నమూనా వంటింటి కిటికీలో నిదానంగా చల్లారాలి, మధ్యాహ్నం తాష్కెంట్ వ్యాపారి హమీదుల్లా దాన్ని కొలిచి ఆర్డరు ఇవ్వాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆర్డరు పోటీకి ఉన్న కోకంద్ ఊరివాళ్లకు పోతుంది. ఇంకొకటి పోద్దామంటే అచ్చును శుభ్రం చేయడానికి విప్పేశాడు.

గడ్డం గీసుకుని వచ్చేసరికి కిటికీ ఖాళీగా ఉంది.

"ఏమోయ్, ఇక్కడి పెట్టె ఏది?"

"హల్వా చేశానండీ. పొయ్యి మీంచి దించింది దించినట్టే అందులో వేసి పొరుగింటి సాబిరా పిన్ని గుమ్మంలో పెట్టించాను," అంది భార్య ఖుమ్రీ. "మూత ఎంత బాగా పట్టిందో."

నిండా ఒక పూటైనా చల్లారని పెట్టెలో వేడి హల్వా. నిగ్మత్ ఒక్క పరుగున సాబిరా పిన్ని ఇంటికి వెళ్లాడు. కానీ వచ్చిన పని టీకి ముందు చెప్పడం మర్యాద కాదు. టీ, రొట్టె, ఎండుద్రాక్ష అన్నీ అయ్యాక గాని నోరు విప్పలేకపోయాడు.

"ఆ పెట్టెనా నాయనా? నీలం సామానంతా మా పక్కింటి అదాలత్‌దే కదా అనుకున్నాను. ఖాళీగా తిప్పి పంపలేను కదా, పొగలు కక్కే సూపు పోసి పంపేశాను."

అదాలత్ ఇంట్లో మళ్లీ టీ, మళ్లీ రొట్టె, పైగా పులావు. చివరికి ఆవిడే అంది: "పొద్దున ఎవరో మీ పెట్టెలో సూపు పంపారు అన్నా. ఇంత చక్కటి అంచు మీ పనే అని పోల్చుకున్నాను. మీ ఇంటికి అతిథి వచ్చాడని విని, తందూర్‌లోంచి అప్పుడే తీసిన మాంసం కూరిన సంసాలు నింపి పంపేశాను."

"ఎప్పుడమ్మా?"

"మీరు రెండో కప్పు తాగుతుండగా."

అంత గాభరాలోనూ అంచు గురించిన మాట అతనికి తియ్యగానే ఉంది. ఆయాసపడుతూ ఇల్లు చేరేసరికి హమీదుల్లా ఆఖరి సంసా తింటున్నాడు.

"భేష్, నిగ్మత్‌గారూ. మరి నమూనా ఏది?"

అచ్చు మళ్లీ బిగించి సాయంత్రానికి ఇంకొకటి పోసి ఇస్తానని తప్పించుకోవచ్చు. కానీ సొంత పనిని తానే దాచుకోవడానికి నిగ్మత్‌కు మనసొప్పలేదు.

"మీ ముందున్నదే. పొద్దున్నుంచి హల్వా, సూపు, సంసాలు మోసింది. కొలవండి."

హమీదుల్లా నూనె తుడిచి, వెర్నియర్ కొలబద్ద తీసి, మూల మూలా కొలిచాడు. మూత పెట్టాడు. అది టక్కున కూర్చుంది.

"అందరూ నమూనాను పట్టుగుడ్డలో చుట్టి తెస్తారు. వాడి చూపించింది మీరొక్కరే. ఎక్కడా తేడా లేదు. ఆర్డరు మీదే," అన్నాడు.

నిగ్మత్ గర్వంగా ఛాతీ విరుచుకుని చెయ్యి కలపడానికి లేచాడు. బెల్టు పటుక్కున తెగింది.

ఆ రోజు మొత్తమ్మీద కొలత తప్పింది అతని నడుమొక్కటే.