మీడియం సైజుకు మూలం

ప్రపంచంలోని ఆడవాళ్లంతా అయిదే రకాలు: ఎస్, ఎమ్, ఎల్, ఎక్సెల్, డబులెక్సెల్. దేవుడు అంతకుమించి రకాలు తయారుచేసి ఉంటే అది ఆయన పూచీ. టాప్స్ కుట్టి అమ్మే ఏ సంస్థా దానికి బాధ్యత వహించదు. ఈ సత్యాన్ని ఇరవయ్యేళ్లుగా లోకానికి ఓపిగ్గా చెబుతున్న మనిషి జవాబుల మేడం.

ఆవిడ ఉద్యోగం పేరు పెద్దది, 'అమరిక సందేహ నివారణాధికారిణి'. పని మాత్రం చిన్నదే. టాప్ సరిపోలేదని ఎవరైనా రాస్తే, సరిపోయిందని తిరిగి రాయడం. భుజాలు జారిపోతున్నాయని ఒకావిడ రాస్తే, "భుజాలు కాస్త పైకెత్తి ఉంచగలరు" అని రాసింది. కూర్చుంటే గుండీల మధ్య సందు కనబడుతోందని ఇంకొకావిడ వాపోతే, "నిలబడగలరు" అని రాసింది. మరీ మొండివాళ్లకు ఏడో నంబరు జవాబు ఉండేది: "మా కొలతల్లో లోపం లేదు. దయచేసి మిమ్మల్ని మీరు మరోసారి కొలుచుకోగలరు." (ఈ వాక్యం ఆవిడ సొంతం. రాసిన ఏడాది ఆవిడకు గోడగడియారం బహూకరించారు.) ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఒళ్లు సరిగ్గా పెట్టుకోలేనివాళ్లు గుడ్డను ఆడిపోసుకుంటారని ఆవిడ మనస్ఫూర్తిగా నమ్మేది. తన బట్టలు మాత్రం వీధి చివర దర్జీ దగ్గర కుట్టించుకునేది. (అది వ్యక్తిగత విషయం.)

చిక్కు సత్కారంతో వచ్చింది. ఇరవయ్యేళ్ల సర్వీసు నిండినవాళ్లకు గురువారం వేదిక మీద సత్కారం, ఆపైన ఫోటో. ఆ ఫోటో మెట్ల దగ్గర గోడకు శాశ్వతంగా ఉంటుంది. సత్కారం అందుకునేవారు సంస్థ టాపే ధరించాలని నిబంధన. జవాబుల మేడానికి జీవితంలో ఒక్క ఫోటోలోనైనా బాగా పడాలని కోరిక. పెళ్లి ఫోటోలో కళ్లు మూసుకుంది. ఆఫీసు గుర్తింపు కార్డులో తుమ్మబోతోంది. అందుకని ముచ్చటపడి నెమలికంఠం రంగు టాప్ ఒకటి ఎమ్ సైజులో తెచ్చుకుంది. ఎమ్ ఎందుకంటే, తను ఎప్పుడూ ఎమ్మే.

ఇంట్లో అద్దం ముందు ఆ టాప్ మెడ దాటింది, భుజాలు దాటింది, చంకల దగ్గర ఆగి ఆలోచనలో పడింది. నడుము దగ్గరకు వచ్చేసరికి ఇక కదలనని భీష్మించుకుంది. అత్తగారు గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"అమ్మాయ్, నువ్వు దాన్ని వేసుకున్నట్టు లేదే. అదే నిన్ను అరెస్టు చేసినట్టుంది."

"ఇది ఎమ్మే అత్తయ్యా. నా సైజే."

"సైజు నీదే కావచ్చు. తుమ్మొస్తే మాత్రం ముందు చెప్పు, నేను పక్క గదిలోకి వెళ్తాను."

దాన్ని మార్చి ఎల్ తెస్తే భుజాలు మోచేతుల దాకా జారాయి, నడుము దగ్గర మాత్రం అదే పట్టు. ఎక్సెల్‌లో చేతులు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది, నడుము మాత్రం మాట వినలేదు. తన దాకా వస్తే గానీ తెలియదంటారు పెద్దలు. మంగళవారం పొద్దున్నే ఆవిడ సంస్థ యాప్‌లో ఫిర్యాదు పెట్టింది. పదకొండు నిమిషాల తర్వాత ఆ ఫిర్యాదు ఆవిడ టేబుల్ మీదకే వచ్చింది.

అలవాటుగా ఏడో నంబరు నొక్కబోయి, పంపినవారి పేరు చూసి ఆగింది. సిబ్బందే ఫిర్యాదు చేస్తే కొలతలను మూలంతో సరిచూడాలని పద్నాలుగో నిబంధన. (ఇరవయ్యేళ్లలో సిబ్బంది ఎవరూ ఫిర్యాదు చేయలేదు. టాప్స్ సరిపోయి కాదు, ఎవరూ కొనక.) ఆ మూలమేదో చూద్దామని కటింగ్ విభాగానికి వెళ్లింది.

అక్కడ టేపు మాస్టారు మెడలో టేపుతో, ముక్కు మీద కళ్లజోడుతో ఉన్నాడు. సైజులన్నీ ఆయన పెట్టినవే. పాత నోటుపుస్తకం తెరిచి ఆవిడ వైపు వింతగా చూశాడు.

"మూలం అంటే మీరే కదా మేడం."

"నేనా?"

"సంస్థ పెట్టిన కొత్తల్లో కొలతలకి ఒక మనిషి కావాలన్నారు. ఆ పూట ఆఫీసులో ఉన్న ఆడమనిషి మీరొక్కరే. మిమ్మల్ని కొలిచి ఎమ్ అనుకున్నాం. అందులోంచి కాస్త తీస్తే ఎస్, భుజాల దగ్గర కాస్త కలిపితే ఎల్. అంతే."

ఆవిడకు గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన మూడో రోజు. అప్పటికి ఈయన మాస్టారు కాదు, కోరమీసం కుర్రాడు. టేపు నడుము చుట్టూ రాగానే ఆవిడ పొట్ట లోపలికి లాక్కుని ఊపిరి బిగబట్టింది. ఇరవై మూడేళ్ల వయసులో ఎవరైనా అదే చేస్తారు. ఆ బిగబట్టిన నడుమే పట్టికకెక్కి, పట్టికలోంచి లక్షల టాప్స్ అయి ఊళ్ల మీద పడింది. ఊపిరాడటం లేదని రాసినవాళ్లందరూ నిజమే రాశారు. ఆవిడకు సిగ్గేసింది, చెవులు వేడెక్కేంత సిగ్గు.

"మళ్లీ కొలవండి మాస్టారూ. ఈసారి సరిగ్గా. గురువారానికి నాకొకటి కుట్టగలరా?"

"ఒక్క పూట పని. కానీ మీ కొలత మారితే పట్టికంతా మార్చాలి. అందరి టాపులూ మారిపోతాయి."

"మారనివ్వండి," అంది జవాబుల మేడం. ఇరవయ్యేళ్ల పాపం ఒక్క ఊపిరితో పోతుందంటే వదలడానికి సిద్ధంగానే ఉంది. భుజాలు దించి, పొట్టను దాని మానాన దాన్ని వదిలేసి నిలబడింది.

మాస్టారు టేపు చుట్టాడు. కళ్లజోడు పైనుంచి చూసి, పాపం మామూలుగానే అన్నాడు:

"ఆ రోజుల్లో మీరు భలే సన్నగా ఉండేవారు మేడం."

పొట్ట దానంతటదే లోపలికి పోయింది.

"ఊపిరి వదిలారా?"

"వదిలాను," అంది, వదలకుండానే.

మాస్టారు టేపు చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "విచిత్రం. అర అంగుళం కూడా తేడా లేదు."

ఆ మాటకు ఆవిడ ఎంత మురిసిపోయిందంటే, సీటుకు తిరిగొచ్చి, పెండింగులో ఉన్న నలభై రెండు ఫిర్యాదులకూ ఒకే ఊపులో ఏడో నంబరు జవాబు పంపేసింది. ఆఖరుది తనదే. సాయంత్రం ఇంటికి వెళ్తుంటే ఆ జవాబు ఫోనుకు వచ్చింది, తృప్తి కలిగిందా అని కింద అడిగారు. కలిగిందని నొక్కింది.

గురువారం ఫోటో చక్కగా వచ్చింది. నెమలికంఠం రంగు ఆవిడకు నప్పింది, కళ్లు కూడా తెరిచే ఉన్నాయి. ఊపిరి మాత్రం తీసుకోవడం లేదు, కానీ అది ఫోటోలో పడదు.