అమ్మ చేసిన తొమ్మిది ఉండలు

ఆదివారం పొద్దున్నే కూతురు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫ్రీజరులో మంచు పేరుకుపోయి తలుపు పడటం లేదు. దాన్ని ఆపి, మంచు ఊడదీసి, తుడిచి, నాన్న ఒంటిగంటకు కొట్టు కట్టేసి వచ్చేలోగా మళ్లీ ఆన్ చెయ్యాలి. అంతే. ఇందులో కొంప మునిగే సంగతి ఏముందని ఎవరైనా అనుకుంటారు.

కానీ ఆ ఫ్రీజరులో ఒక స్టీలు డబ్బా, ఆ డబ్బాలో తొమ్మిది చాక్లెట్ ఉండలు ఉన్నాయి. ట్రఫుల్స్ అనాలట వాటిని. ఈ ఇంట్లో ఎవరూ అలా అనలేదు, ఉండలనే అనేవారు. ఓవెన్ అక్కర్లేని వంట. బిస్కెట్లు పొడి చేసి, క్రీమ్ చీజ్ కలిపి, ఉండలు చుట్టి, కరిగించిన చాక్లెట్‌లో ముంచడమే. అమ్మ ఆసుపత్రికి వెళ్లేముందు రోజు చేసిన ఆఖరి వంట అది. ఆవిడ బట్టలు కుట్టేది. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీతో ప్రతి ఉండ నెత్తినా ఒక ముద్ర వేసేది. గుండ్రంగా చిన్న చిన్న చుక్కలు పడేవి. "నా ముద్ర పడితేనే అది నా ఉండ" అనేది.

అమ్మ పోయి పది నెలలైంది. ఇవాళ ఆవిడ పుట్టినరోజు. "రేపు భోజనాలయ్యాక తలా ఒకటి తిందాం" అని నిన్న నాన్న నసుగుతూ అన్నాడు. అది దుఃఖం అనుకుంది కూతురు. అమ్మ గొంతు కూడా మెల్లమెల్లగా మరుపున పడుతోందని ఆమెకు భయంగా ఉంది. కనీసం ఆ రుచి అయినా ఇంకొక్కసారి నాలుక మీద పడుతుందని పది నెలలుగా కాచుకుని కూర్చుంది.

డబ్బాను బల్ల మీద పెట్టి, ఊడదీసిన మంచు గడ్డల్ని పెద్ద టబ్బులో వేసి, పాత తువ్వాళ్ల కోసం డాబా మీదికి వెళ్లింది. ఆ సందులోనే ఆమె భర్త మొదటి ట్రిప్పు ముగించుకుని ఇంటికి వచ్చాడు. సిటీ బస్సు డ్రైవరు. క్లచ్చు తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు పాడై, వంగినా లేచినా పక్క గదిలోకి వినపడేలా కిర్రుమంటుంది. ఆమె దిగి వచ్చేసరికి ఆయన టీ గ్లాసుతో బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. డబ్బా ఖాళీగా ఉంది.

"ఏవండీ, ఉండలేవి?"

"తినేశాను."

"ఎన్ని?"

"తొమ్మిదీ."

"అవేంటో తెలుసు కదా మీకు?"

"ఆకలేసింది" అన్నాడాయన, గ్లాసులోకి చూస్తూ.

ఆమె నేల మీద కూలబడి ఏడ్చింది. తిట్టి ఉంటే ఆయనకు కాస్త తేలిగ్గా ఉండేది. "ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఉంచలేకపోయారా? ఇంకెవరు చేసిపెడతారండీ నాకు?" అంది.

కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుంది. తన సంగతి సరే, ఒంటిగంటకు వచ్చి ఆ డబ్బా మూత తీసే నాన్న సంగతేమిటి? ఆమె చివాలున లేచింది. "లేవండి. బిస్కెట్లు దంచండి" అంది.

అమ్మ కొలతలు ఏ పుస్తకంలోనూ లేవు. 'చేతికి అంటకూడదు, పగలకూడదు' అనేదే ఆవిడ కొలత. చిన్నప్పటి నుంచి పక్కన నిలబడి చూసిన చేతులు కాబట్టి కూతురి చేతులు వాటంతటవే కలిపేశాయి. బిస్కెట్లను కవరులో వేసి సీసాతో దంచమంటే ఆయన ఒక్క పోటుకే కవరు పగలగొట్టాడు. పొడి మీసాల్లోకి ఎగిరింది. ఇంకో రోజైతే ఇద్దరూ పడీ పడీ నవ్వేవారు.

కుట్టుమిషను సొరుగులో ఇత్తడి టోపీ దొరికింది. దాని గుంటల్లో చాక్లెట్ ఎండిపోయి ఉంది. "చూడండి, అమ్మ ఆఖరిసారి వాడినప్పటిదండీ" అని ఆమె దాన్ని గుండెకు హత్తుకుంది. కడగడానికి మనసొప్పక పైన పల్చటి కవరు చుట్టింది. అమ్మ సూదిని కూడా తుడవకుండా పెట్టేది కాదన్న సంగతి ఆ క్షణాన ఆమెకు తట్టలేదు.

ఇంతలో గిన్నెలో కరుగుతున్న చాక్లెట్‌లో ఎక్కడి నుంచో నాలుగు నీటి చుక్కలు పడ్డాయి. అంతే, అది బిగుసుకుపోయి బురదముద్ద అయి కూర్చుంది. వేరే చాక్లెట్ కోసం ఆయన వీధి చివరికి పరిగెత్తాడు. కిరాణా కొట్టు పక్కనే నాన్న తాళంచెవుల కొట్టు.

"ఏం బాబూ, ఆ పరుగేంటి? మీసాలకి ఆ పొడేంటి?" అన్నాడు నాన్న.

అల్లుడికి అబద్ధాలాడటం అలవాటు లేదు. గోడకు వేలాడుతున్న తాళంచెవుల గుత్తులు కళ్లబడ్డాయి. "బీరువా తాళం పోయింది మావయ్యగారూ. వెతుకుతున్నాం" అన్నాడు.

ముప్పై ఏళ్లుగా తాళంచెవులు చేస్తున్న మనిషి అది విని ఊరుకుంటాడా? కొట్టు షట్టరు దించి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, ఒంటిగంటకు రావాల్సినవాడు పదకొండింటికే గుమ్మంలో నిలబడ్డాడు. వెనకాల అల్లుడు చొక్కాలో చాక్లెట్ దాచుకుని రొప్పుతున్నాడు. కూతురికి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏదమ్మా ఆ బీరువా?" అని నాన్న లోపలికి వెళ్లాడు. తాళంచెవి బీరువాకే వేలాడుతోంది. "ఇదేంటి?"

"దొరికింది నాన్నా. ఇప్పుడే."

"చాక్లెట్ వాసన వస్తోంది."

"బూట్ పాలిష్ మావయ్యగారూ" అన్నాడు అల్లుడు. ఆయన కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి.

చిత్రంగా నాన్న ఇంకేమీ అడగలేదు. ఫ్రిజ్ వైపు కూడా చూడలేదు. గదిలోకి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు. బతికిపోయాం అనుకుని ఆమె ఉండల్ని చాక్లెట్‌లో ముంచింది, ముద్రలు వేసింది. ఫ్రీజరు ఆపి ఉంది కాబట్టి టబ్బులోని మంచు గడ్డల మీదే పళ్లెం పెట్టి గట్టిపడనిచ్చింది. తొమ్మిదీ డబ్బాలో సర్దేసరికి పన్నెండున్నర.

భోజనాలయ్యాయి. ఎవరికీ సరిగా ముద్ద దిగలేదు. నాన్న డబ్బాను దగ్గరికి లాక్కున్నాడు గానీ మూత తియ్యలేదు.

"అమ్మాయ్, తినేముందు ఒక మాట చెప్పాలి."

"తిన్నాక చెప్పండి నాన్నా" అంది ఆమె తొందరగా.

ఆయన మూత తీసి పక్కన పెట్టి, ఒక ఉండ అందుకుని, మందు మింగబోయేవాడిలా కళ్లు మూసుకుని కొరికాడు. నమలడం ఆగిపోయింది. కళ్లు తెరిచాడు. నీళ్లు నిండాయి. "ఇది మీ అమ్మదే."

"అవును నాన్నా." ఆమె గొంతులో దొంగతనం వినపడింది.

"ఎలా కుదురుతుందే? మీ అమ్మవి నేనెప్పుడో తినేశాను!"

ఆ తర్వాత ఆయన ఇక దాచలేదు. "ఆవిడ పోయిన నెలలోనే. మీరిద్దరూ పనులకి వెళ్లాక, ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడి, రోజుకొకటి తిన్నాను. డబ్బా ఖాళీ అయ్యాక నువ్వు గుర్తొచ్చావు. నీకొక్కటి కూడా ఉంచలేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకో. పొద్దున లేస్తే డూప్లికేట్ తాళంచెవులు చేసేవాణ్ని, తొమ్మిది ఉండలు చెయ్యలేనా అనుకుని కొట్లో కూర్చుని చేశాను. గుండ్రంగా రాకపోతే తాళంచెవులు రాకే ఆకురాయితో అరగదీశాను. మీ అమ్మ టోపీతో ముద్ర కూడా వేశాను. చూడ్డానికి అచ్చం అవే. నోట్లో మాత్రం పెట్టుకోలేం."

ఇత్తడి టోపీ గుంటల్లోని చాక్లెట్ ఎవరిదో ఆమెకు అప్పుడు తెలిసింది. "ఇవి నేను ఇవాళ చేసినవి నాన్నా. మీరు చేసినవి ఈయన తినేశారు."

నాన్న అల్లుడి వైపు తిరిగాడు. "తొమ్మిదీనా? ఒకటి కొరికితేనే తెలిసిపోవాలే. ఎలా తిన్నావయ్యా?"

అల్లుడు గోళ్లు చూసుకున్నాడు. "మంచు కరిగి డబ్బా మీద నీళ్లు కారుతుంటే మూత తీసి చూశానండీ. ఏదో నూనె వాసన వచ్చింది. ఒకటి కొరికి చూస్తే పాడైపోయిందనిపించింది. అత్తయ్య ఆఖరిసారి చేసినవి పాడైపోయాయని మీ ఇద్దరికీ తెలియడం ఎందుకు? పారేద్దామంటే చేతులు రాలేదు. అందుకని, తినేశాను."

"మరి ఆకలేసిందన్నారేంటి?" అంది ఆమె.

"తిండిపోతునని తిట్టుకుంటావులే అనుకున్నాను."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఇంకో చేత్తో ఒక ఉండ తీసుకుని కొరికింది. అదే రుచి. అమ్మ పక్కన నిలబడి గిన్నె నాకిన రోజుల రుచి. ఏడుపు ఆగలేదు. "నాకు చేతనవునని నాకే తెలియదు నాన్నా. అమ్మ ఉండగా ఒక్కసారి, ఒక్కసారి చేసి నోట్లో పెట్టలేకపోయాను" అంది. ఆవిడ జీవితమంతా అందరికీ చేసింది, ఇంకొకరు చేసిన ఉండ ఒక్కటీ తినకుండానే వెళ్లిపోయింది. నాన్న కూతురి తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

చాలాసేపటికి ఆయనకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. "ఆ ఆకురాయికి మిషన్ నూనె రాసి ఉంటుంది బాబూ. ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉందండీ" అంటూ అల్లుడు కిందపడ్డ మూత కోసం వంగి, తీసుకుని లేచాడు. మోకాలు కిర్రుమనలేదు.