గోదారి అవతల గ్రామరు

ఇంగ్లీషు గ్రామరు మన పాలిట దేవత! కాదన్నవాణ్ణి నా దగ్గరికి పంపండి. తాలూకా కచేరీ గేటు పక్కన, వేపచెట్టు కింద బల్ల వేసుకుని కూర్చునే దరఖాస్తుల దశరథం ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు.

నిజాము కాలంలో నేను ఉర్దూలో రాసేవాణ్ణి. అప్పుడంతా అరాచకం! 'కాగజాత్' అంటేనే కాగితాలని అర్థం. మనవాళ్లు దానికి ఇంకో 'లు' తగిలించి 'కాగజాత్‌లు' అనేవాళ్లు. అయినా ఏ అధికారీ అన్నం మానలేదు, ఎవరి పనీ ఆగలేదు. అదేం పద్ధతండీ?

ఇప్పుడు చూడండి, దరఖాస్తులన్నీ ఇంగ్లీషులోనే! ఒక ఎద్దుకో మాట, జోడెద్దులకు ఇంకో మాట. గొర్రెలకు మాత్రం ఒకటైనా మందైనా ఒకటే మాట. తోడేలు పడి మందంతా పోయి ఒక్కటి మిగిలినా కాగితం మీద ఏమీ తగ్గదు. ఇంత పొదుపు మన తెలుగులో ఉందా?

మా తహసీల్దారు దేవదాస్ గారు ఈ దేవతకు పూజారి. ఎర్ర సిరా పెన్ను లేనిదే కుర్చీలో కూర్చోరు. దరఖాస్తులో ఒక 'ఎస్' ఎక్కువైతే వాపసు, తక్కువైతే వాపసు. వాపసొచ్చిన ప్రతి కాగితం మళ్లీ నా బల్ల దగ్గరికే! గ్రామరు లేకపోతే నా పిల్లలు ఏం తిని బతకాలి, చెప్పండి?

పోయిన వైశాఖంలో మా అక్క లస్మవ్వ వచ్చింది. ఆమెది గోదావరి అవతలి ఊరు. అక్కడి సర్కారు పడవకు అడుగుపలక ఊడింది. కొత్త టేకు పలక పడవ పక్కనే పడి ఉంది, వడ్రంగి పని చేసే వడ్ల అంతయ్య ఉలి నూరుకుని సిద్ధంగా ఉన్నాడు. కానీ అది సర్కారు టేకు. తహసీల్దారు సంతకం లేనిదే మేకు దిగదు. అక్క బిడ్డ నర్మద తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. దవాఖానేమో ఇవతలి ఒడ్డున. వానలు పడేలోగా పడవ కావాలి.

నేను దరఖాస్తు రాసిచ్చాను. 'చిల్డ్రన్' పక్కన 'ఎస్' పడిందని వాపసొచ్చింది. దిద్దితే ఇంకోటి దొరికింది. ఓపిక నశించి అక్కే లోపలికి నడిచింది.

"సారూ, పిల్లకు నెలలు నిండొస్తున్నయ్. గోదారొస్తె ఎట్ల దాటాలె?"

"అయ్యో, తొలి కాన్పా? జర పైలం అవ్వా, బరువులు ఎత్తనియ్యకు" అన్నారు సారు. ఆయన కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆ తర్వాత ఎర్ర సిరాతో ఇంకో తప్పు దిద్ది, కాగితం ఆమె చేతికే ఇచ్చారు. అదీ నిష్ఠంటే! మనిషి చెప్పింది అర్థమైనంత మాత్రాన కరిగిపోతే ఇక గ్రామరెందుకు?

జ్యేష్ఠంలో సారు ఎండిన గోదారి ఇసుకలో బండి కట్టించుకుని అవతలి ఊరికి తనిఖీకి వెళ్లారు. రాతపనికి నన్నూ రమ్మన్నారు. తనిఖీ, పటేలింట్లో కోడికూర ముగించుకుని ఒడ్డుకొచ్చి చూద్దుము కదా, ఇసుక లేదు! ఎగువన వాన పడ్డట్టుంది. ఎర్రనీళ్లు ఒడ్లు ఒరుసుకుని పోతున్నాయి. అప్పుడే నొప్పులు మొదలైన నర్మద కూడా తల్లి భుజం పట్టుకుని ఒడ్డునే కూర్చుని ఉంది.

"పడవ తియ్యండ్రి!" అని కేకేశారు సారు.

"పలక లేదు సారూ" అన్నాడు అంతయ్య, ఆ పలక మీదే కూర్చుని.

"మరి కొట్టవేందయ్యా?"

"మీ సంతకం గావాలె గదా!"

"దశరథం! దరఖాస్తు రాయి, జల్ది రాయి!"

"ఇంగ్లీషులోనే కదా సార్? 'ప్లాంక్' అనాలా, 'ప్లాంక్స్' అనాలా?"

"ఏదైతే ఏందయ్యా! తెలుగుల రాయి, నాకు సమజ్ కాదా?"

ఈ ఒక్క మాట కోసమే మా అక్క వైశాఖమంతా కచేరీ మెట్లు ఎక్కి దిగింది! నాకు ఒళ్లు మండింది. అయినా రాశాను, రెండే ముక్కలు. తొందరలో తప్పులు కూడా పడ్డాయి. సారు చదవకుండానే సంతకం పెట్టారు. పొద్దు వాలకముందే పడవ నీళ్లలోకి దిగింది. సారు ఎక్కబోతుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"జర ఆగుండ్రి సారూ. ముందుగాల నా బిడ్డ. మీరు, పడవ మల్ల తిరిగొచ్చినంక."

పడవ తిరిగొచ్చేదాకా సారు చెక్కపేళ్ల మీద కూర్చున్నారు. ఎర్ర పెన్ను జేబులోనే ఉంది.

కాబట్టి అయ్యలారా, గ్రామరు ఉండాల్సిందే! నా మనవి ఒక్కటే. దిద్దే సార్ల కుర్చీలన్నీ గోదారి అవతల వేయించండి. పడవ మాత్రం ఇవతల కట్టేయండి.