మూడువందల పన్నెండో పాదసూచిక

పేజీ అడుగున చిన్న అక్షరాలున్న పుస్తకం అబద్ధం చెప్పదని చదువుకున్నవాళ్ల నమ్మకం. చదువుకోనివాళ్లకు ఏ పుస్తకమైనా ఒకటే కనుక, ఈ నమ్మకం బరువంతా చదువుకున్నవాళ్లే మోస్తున్నారు. మామిడి వారసత్వ సంస్థ ఛైర్మన్ దుర్గాప్రసాద్ గారు ఈ సంగతిని అందరికంటే ముందు గ్రహించారు. నూజివీడులో ప్రెస్‌మీట్ పెట్టి, తాము రచిస్తున్న ‘రసాల మహాచరిత్ర’లో శుభసంఖ్యగా వెయ్యిన్నూట పదహారు ఫుట్‌నోట్లు ఉంటాయని ప్రకటించారు.

“పుస్తకం ఎన్ని పేజీలండీ?” అని ఒక విలేకరి అడిగాడు.

“అదింకా తేలలేదయ్యా. నోట్లు మాత్రం ఫైనల్.”

ఇందులో వింతేమీ లేదు. పదవిలోకి రాకముందు ఛైర్మన్ గారు మామిడి వ్యాపారి. ఈ చుట్టుపక్కల తోటను పూత మీదే కొంటారు. కాయ నిలవడం, రాలడం గాలివాన చూసుకుంటుంది. ఆయన పుస్తకాన్ని కూడా పూత మీదే ఖాయం చేశారు.

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే గెస్ట్ లెక్చరర్ కౌముదికి ఆ పూత రాతప్రతిగా అందింది. ప్రతి వాక్యం చివరా ఒక అంకె ఉంది. పేజీ అడుగున ఆ అంకెకు ఎదురుగా ఏమీ లేదు. ‘రసాలు తియ్యగా ఉంటాయి’ అన్న వాక్యానికి మూడు అంకెలున్నాయి.

“సార్, అంకెలున్నాయి. ఆధారాలు లేవు.”

“అవి నింపడానికే కదమ్మా నిన్ను పెట్టుకుంది! చూడు, మా పెట్టెలో మంచి కాయ పైన పేరుస్తాం. పుస్తకంలో మంచి సరుకు అడుగున ఉండాలట. ప్రొఫెసర్లు చెప్పారు. అడుగు ఎవడూ తీసి చూడడనుకో. ఉందని తెలిస్తే చాలు, కొంటాడు.”

“నలభయ్యో వాక్యం మీకెవరు చెప్పారండీ?”

“మా మావయ్య.”

“ఆయన ఎక్కడైనా రాశారా?”

“ఆయనకి రాయడం రాదు. మౌఖిక చరిత్ర అని వెయ్యి.”

కౌముదికి ఫుట్‌నోటు మీద భక్తి లేదు కాని, మర్యాద ఉంది. రచయిత మాట నమ్మనివాడు తానే వెళ్లి సరిచూసుకోవడానికి వేసిన దారి అది అని క్లాసులో చెప్పేది. ఆ దారిన మొదట తానే నడవాలనుకుంది. మావయ్యల దగ్గర ఆగిపోయిన దారులెన్నో దాటి మూడువందల పన్నెండో అంకె ఉన్న వాక్యం చేరింది: ‘రెడ్డిగూడెంలో నేటికీ కాస్తున్న తొలి చిన్న రసం చెట్టును మా ముత్తాతగారు స్వహస్తాలతో నాటారు.’

బస్సెక్కి రెడ్డిగూడెం వెళ్లింది. ఆ చెట్టు గంగరాజు చేలో ఉంది. చెట్టు కింద అతని భార్య కృష్ణవేణి మామిడి మొక్కలకు అంట్లు కడుతోంది.

“టెంక పాతింది మా తాతండీ,” అన్నాడు గంగరాజు. “కావిడితో నీళ్లు మోసింది మా నాయనమ్మ. ఛైర్మన్ గారి ముత్తాతగారు కాయలు కొనడానికి వచ్చేవోరని విన్నాం.”

“కొనడానికేం కాదులే,” అంది కృష్ణవేణి తల ఎత్తకుండా. “రుచి చూడ్డానికి.”

గంగరాజు గొంతు తగ్గించాడు. “పుస్తకంలో అచ్చయితే చెట్టుకి వారసత్వ హోదా ఇస్తారంట గదండీ? అప్పుడు చెట్టూ, కింద నేలా సంస్థకి పోతాయంట. ఈ కొమ్మల అంట్లు అమ్ముకునే బతుకుతున్నాం మేడం గారూ.”

“ఆధారం లేకుండా పోవు గంగరాజు గారూ. నోటు రాసేది నేనే,” అంది కౌముది.

ఆ రోజే రాసింది: ‘ఈ వాక్యానికి ఆధారం లేదు. చెట్టును గంగరాజు తాత నాటినట్టు ఆ కుటుంబం చెబుతోంది.’ ఛైర్మన్ గారు ప్రూఫులు స్వయంగా పరిశీలించారు. మూడువందల పన్నెండుకు ఎదురుగా రెండు వరుసలు నిండి ఉండటం చూసి తృప్తిగా పేజీ తిప్పారు.

ఆవిష్కరణ సభలో వక్తలందరూ పుస్తకం అడుగుభాగాన్ని కొనియాడారు. ఒక వక్త అయితే, పైభాగం లేకపోయినా ఇది ఉత్తమ గ్రంథమే అయ్యేదన్నారు.

నెల తిరగకుండా సంస్థ కార్యాలయంలో ఆ చెట్టు వారసత్వ హోదా మీద విచారణ జరిగింది. విచారణాధికారి ఉదయ్ భాస్కర్ గారు నిష్పాక్షికతకు పేరుపడ్డవారు. ఎవరి వైపూ చూడరు, పుస్తకం వైపే చూస్తారు.

“చెట్టు మీ తాత నాటాడని ఫుట్‌నోటుందా?”

“లేదండి. చెట్టుంది.”

“చెట్టు అందరికీ కనపడుతోందయ్యా. నోటు చూపించు.”

వెనక నుంచి కౌముది లేచింది. “ఉంది సార్. ఆ పుస్తకంలోనే ఉంది. మూడువందల పన్నెండు చదవండి.”

ఉదయ్ భాస్కర్ గారు పేజీ తీసి చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. గంగరాజు బెంచీ అంచు పట్టుకున్నాడు.

“ఏం రాసిందేంటి?” అన్నారు ఛైర్మన్ గారు.

“ఆధారం లేదని రాశారండీ.”

“ఎక్కడ?”

“అడుగున.”

“అడుగునే కదా!” ఛైర్మన్ గారు మళ్లీ కుర్చీలో వెనక్కి వాలారు.

విచారణాధికారి పేజీలో వేలు పెట్టి పుస్తకం మూశారు. “అమ్మా, ఆధారం లేనిచోట లేదని ఒప్పుకున్న పుస్తకాన్ని నా సర్వీసులో చూడలేదు. మిగతా వెయ్యిన్నూట పదిహేను నోట్లలో ఎక్కడా ఆధారం లేదనలేదు. ఇంత నిజాయితీ గల గ్రంథాన్ని నమ్మకపోతే ఇంక దేన్ని నమ్మాలి?”

“కానీ సార్, ఈ చెట్టు గురించి ఉన్న నోటు ఇదొక్కటే కదండీ!”

“అందుకే ఉత్తర్వులో దీన్నే ఉదహరిస్తున్నాను.”

“మరి మా తాతండీ?” అన్నాడు గంగరాజు.

“ఆయన కూడా నోట్లోకి ఎక్కాడు కదయ్యా. సంతోషించు,” అన్నారు ఛైర్మన్ గారు.

చెట్టు, దాని కింది నేల సంస్థకు దఖలు పడ్డాయి. ఉత్తర్వు చివర ‘ఆధారం: రసాల మహాచరిత్ర, పాదసూచిక 312’ అని ఉంది. ఆ ఏడు కాపును సంస్థ పూత మీద అమ్మింది. ఛైర్మన్ గారి బావమరిది కొన్నారు. గంగరాజు, కృష్ణవేణి జి. కొండూరులో ఒకరి నర్సరీకి అంట్లు కట్టే కూలికి వెళుతున్నారు. కాలేజీలో చరిత్ర క్లాసులు ఇప్పుడు వేరొకరు చెబుతున్నారు.

వేసవిలో పుస్తకం రెండో ముద్రణ వచ్చింది. నోట్ల సంఖ్య మారలేదు. మూడువందల పన్నెండో పాదసూచిక ఇప్పుడు ఇలా ఉంది: ‘చూడుడు: విచారణాధికారి ఉత్తర్వు.’