గొలుసు దొర ముల్కీ

మనిషి ఏ ఊరివాడన్నది ఆ మనిషికి తెలిసే విషయం కాదు. అది తాలూకా కచేరి తేల్చవలసిన విషయం.

ఈ సత్యం సక్కుబాయికి 1961 ఎండాకాలంలో బోధపడింది. బోథ్ వైపు ఒక పల్లెలో పుట్టి, మెట్రిక్ పాసై, రెండేళ్లు టీచర్ ట్రైనింగు చేసి వచ్చిన ఇరవై రెండేళ్ల మనిషి. సొంత ఊరి బడిలోనే పంతులమ్మ పోస్టు పడింది. కావలసిందల్లా ముల్కీ సర్టిఫికెట్, అంటే పదిహేనేళ్లుగా ఈ గడ్డమీదే ఉన్నట్టు ఒక కాగితం. (ఇరవై రెండులో పదిహేను ఇముడుతుందని చిన్న బడి పిల్లలకు తెలుసు. కచేరి పెద్దది.)

హెడ్ గుమాస్తా జలపతిరావు దరఖాస్తును చూసి, తర్వాత ఆమె పిల్లికళ్లను చూశారు.

"గీ కండ్లు ఈడియి కావు బిడ్డా. ఏడికెల్లి వచ్చినయి?"

బాపు వాళ్ల తాత ఇంగ్లీషు దొర అని సక్కుబాయి నిజం చెప్పింది. కచేరిలో ఆమె చేసిన తప్పు అదొక్కటే. జలపతిరావు దయగల మనిషి, కసురుకోలేదు. కొత్త ఫైలు తెరిచారు. మూలపురుషుడు పరాయివాడైతే ఆయన వచ్చిన తేదీ, తిరిగి వెళ్లిన తేదీ కావాలన్నారు. వెళ్లలేదంటే, వెళ్లలేదన్నదానికి కాగితం తెమ్మన్నారు.

సక్కుబాయి కమలవ్వ దగ్గరికి పోయింది. ఎనభై దాటిన కమలవ్వ ఆ దొరకు ఆఖరి బిడ్డ, సక్కుబాయి బాపుకు మేనత్త. ముసలామె చింతపండు గింజ తీస్తూ చెప్పింది:

"మా బాపు గొలుసు వట్టుకొని అడివి కొలువ వచ్చిండు. జరమొచ్చి పండిండు. మా అవ్వ అంబలి వోసి లేపింది. లేచినంక గొలుసు ఇడిసిపెట్టిండు, మా అవ్వను ఇడువలే."

ఊరు ఆయనను గొలుసు దొర అన్నది. అసలు పేరు ఎవరికీ తెలియదు. సక్కుబాయి అడవి అంచున సమాధి వెతికి, రాతి మీది నాచు గీకింది. థామస్ విల్కిన్స్, మరణం 1889. ఆ పేరును రెండుసార్లు పైకి చదువుకుంది. కాగితం కోసం వచ్చిన మనిషి కాసేపు కాగితం సంగతి మరిచి, పక్కన కూర్చుంది.

రాతి మీద రాసింది స్టాంపు కాగితం మీద రాసింది కాదు గనుక చెల్లదన్నారు కచేరిలో. స్టాంపు కాగితం మీద నకలు రాసి, పట్వారి సంతకం పెట్టించింది. అయితే సాక్షి కావాలన్నారు. కమలవ్వను ఎడ్లబండిలో తీసుకొచ్చింది. మృతుణ్ణి ఎరుగుదువా అని జలపతిరావు అడిగారు.

"నన్ను గన్న బాపు సారూ. ఎరుక లేకుండ ఎట్లుంట?"

సాక్షి మృతునికి బంధువు, కనుక పక్షపాతం ఉండవచ్చునని ఫైలులో నమోదైంది. (బంధువు కాని సాక్షి దొరికితే, సంబంధం లేనివాడికి ఎట్లా తెలుసని నమోదయ్యేది.)

మూడు నెలలకు సర్టిఫికెట్ వచ్చింది, థామస్ విల్కిన్స్ పేరు మీద. సదరు వ్యక్తి 1889 నుంచి నేటివరకు ఒక్కరోజైనా తాలూకా హద్దు దాటనందున నిస్సందేహంగా ముల్కీ అని అందులో ఉంది.

"మరి నాది సార్?"

"నువ్వు ట్రైనింగుకని రెండేండ్లు బయటికి పోయినవు గద. ఆయన ఎటూ పోలే."

వెంట వచ్చిన కమలవ్వ ఆ కాగితాన్ని చదివించుకుని విన్నది. తర్వాత దాన్ని కొంగున ముడివేసుకుని, మా బాపుకు గిన్నేండ్లకు ఊరు దొరికిందని అన్నది. నవ్వాలో ఏడ్వాలో తెలియక సక్కుబాయి బండి ఎక్కింది.

ఈలోగా పోస్టుకు పెట్టిన గడువు దాటింది. అర్హులైన స్థానికులు లేరని రాసి, ఎక్కడో దూరపు జిల్లా నుంచి ఒక పంతులును వేశారు. ఆయనకు దారి తెలియదు, పిల్లల మాట అర్థం కాదు. వారం తిరగకముందే సక్కుబాయికి కచేరి నుంచి తాకీదు వచ్చింది: తాము స్థానికులైనందున, కొత్త పంతులుగారికి జీతం లేకుండా తోడ్పడవలెను.